సందు

మెదడులో ఐదో వంతు సందులే.
ఈ సంగతి చెబితే మా పిన్ని
ఆవపిండి జల్లెడ పడుతూ, తలెత్తకుండా
"నీ బుర్రలో ఇంకాస్త ఎక్కువే ఉంటాయిలే" అంది.

కణానికీ కణానికీ మధ్య
వెంట్రుకను వెయ్యి పాయలుగా చీల్చినా
ఒక్క పాయ దూరనంత ఇరుకు.
అందులో ఉప్పునీరు.
ఆ నీట్లో వదిలిన అణువు
ఎటు తిరిగి, ఎక్కడ గుద్దుకుని, ఎప్పటికి తేలుతుందో
లెక్క కట్టడం నా పని.
డాబా మీద గది. రెండు ఫ్యాన్లు,
ఒకటి నాకు, ఒకటి కంప్యూటరుకి.
కరెంటు పోతే ముందు దానికే చెమట.

మొదటి నమూనా బ్రాడీపేటలాగా కట్టాను.
అన్నీ చదరాలు. లైన్లు, అడ్డరోడ్లు.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే
కళ్లకు గంతలు కట్టినా చేరిపోవచ్చు.
నా లక్ష అణువులూ అలాగే చేరిపోయాయి,
అనుకున్నదానికన్నా ముందే,
పందిరి వేయకముందే దిగిన పెళ్లిచుట్టాల్లాగా.
అసలు మెదడు ముక్కలో కొలిచినవాళ్ల లెక్క
నా లెక్కని చూసి నవ్వింది.
అక్కడ అణువు తాపీగా వస్తుంది.
ఎందుకంత తాపీ? నాలుగు నెలలు తెలీలేదు.
గోడలు వంకర చేశాను. సందులు సన్నం చేశాను.
చదరాల్ని గుండ్రం చేసి, గుండ్రాల్ని నలిపి
అయినా తొందరే.

ఏప్రిల్లో పిన్ని వెంట మిరపకాయల యార్డుకి వెళ్లాను.
టిక్కీ మీద టిక్కీ, ఏడు వరసల ఎత్తు,
మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచే దారి.
నా ముక్కుకి గుడ్డ. పిన్నికి అక్కర్లేదు.
హమాలీ మీరావలి, కొక్కెం భుజానేసుకుని,
నా దగ్గు అయ్యేదాకా ఆగి అన్నాడు:
"ఘాటు తిన్నంగా రాదమ్మా.
మూలల్లో దూరి కూచుంటది.
దారి లేని మూలలుంటాయి గదా, అయ్యంటే దానికి ఇష్టం.
ఎప్పుడో బుద్ధి పుట్టి బయటికొస్తది.
పొద్దున దించిన తేజ, మాపటేల తగులుద్ది."

దారి లేని మూలలు.

ఆ రాత్రి ప్రతి కణం పక్కనా
దూరడానికే తప్ప దాటడానికి వీల్లేని జేబులు కుట్టాను.
అణువులు దూరాయి. కూచున్నాయి.
ఎవరూ పిలవకుండానే మళ్లీ లేచాయి.
తెల్లారేసరికి రెండు లెక్కలూ ఒకే అంకె దగ్గర ఆగాయి.
పిన్నిని లేపి చెప్పాను.
"పాలవాడొచ్చాడా" అంది.

శ్రావణంలో మీరావలికి పక్షవాతం.
పెద్దాసుపత్రి, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం.
కుడిచెయ్యి ఇక కొక్కేనికి పనికిరాదు.
మాట ఒక్కటే మిగిలింది: టిక్కీ.
నీళ్లకి టిక్కీ. నొప్పికి టిక్కీ.
నన్ను చూసి, కాస్త ఆలోచించి, టిక్కీ.

అక్కడేం జరిగిందో నాకు తెలుసు.
నెత్తురు అందని చోట కణాలు ఉబ్బుతాయి,
నూటికి ఇరవై ఉన్న సందు ఐదవుతుంది.
ఆ ఐదుని నేనే టైపు చేశాను, ఒక మధ్యాహ్నం,
మజ్జిగ తాగుతూ,
ఎవరి తలా గుర్తు రాకుండా.

ఇప్పుడు మళ్లీ అదే గడి మీద నా వేలు.
పోయిన మాటలన్నీ నిజంగా పోయాయా,
దారి లేని మూలల్లో దూరి కూచున్నాయా,
నా నమూనా చెప్పదు. దానికి మాటలు తెలీవు,
అణువులే తెలుసు.
అడిగేది నేనే,
యార్డు వైపు కిటికీ తెరిచి.

కింద పిన్ని మిరపకాయలు దంచుతోంది.
ఘాటు మెట్లెక్కి, మలుపు తిరిగి,
ఎక్కడో కాసేపు కూచుని వచ్చి తగిలింది.
తుమ్మాను.
తుమ్మితే ఆగాలంటుంది పిన్ని.
వేలు తీసి, మంచినీళ్లు తాగి,
కాసేపు అలాగే కూచున్నాను.